ఆస్టియోమలేషియాలో ఎముక బయాప్సీ: ఆపరేషన్‌కు ముందు, ఆపరేషన్ తర్వాత – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్టియోమలేషియా అంటే ఎముకలు అరిగిపోవడమేనా?

కాదు. అరిగిపోవడం, గుల్లబారడం వేరు, మెత్తబడటం వేరు. ఎముక రెండు దశల్లో తయారవుతుంది. ముందు ఆస్టియోబ్లాస్ట్ కణాలు కొలాజెన్‌తో ఒక మెత్తటి పొర వేస్తాయి. దాన్ని ఆస్టియాయిడ్ అంటారు. తర్వాత ఆ పొరలోకి కాల్షియం, ఫాస్ఫేట్ చేరి గట్టిపడుతుంది. ఆస్టియోమలేషియాలో మొదటి పని జరుగుతుంది, రెండోది ఆగిపోతుంది. పచ్చికుండను తలుచుకోండి. ఆకారం వచ్చింది, మట్టి సరిపడా ఉంది, కానీ ఆవంలో కాలలేదు. చూడటానికి కుండే, బరువు పెడితే వంగిపోతుంది.

ఆస్టియోపోరోసిస్‌లో (ఎముకలు గుల్లబారే జబ్బులో) ఉన్న ఎముక గట్టిదే, కాకపోతే తక్కువగా ఉంటుంది. ఈ తేడా ముందే మనసులో పెట్టుకుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

ఈ జబ్బుకు విటమిన్ డి ఇస్తారు కదా, ఆపరేషన్ ఎందుకు?

ఎక్కువ మందిలో కారణం విటమిన్ డి లోపమే, వాళ్లకు ఆపరేషన్ అవసరం లేదు. కానీ కొందరిలో విటమిన్ డి మామూలుగా ఉంటుంది, కాల్షియం మామూలుగా ఉంటుంది, ఫాస్ఫేట్ మాత్రం పడిపోయి ఉంటుంది. ఎంత విటమిన్ డి ఇచ్చినా నొప్పులు తగ్గవు. ఇలాంటి కొందరి శరీరంలో ఎక్కడో ఒక చిన్న గడ్డ దాగి ఉంటుంది. కాలి మడమలో, తొడలో, దవడలో, ముక్కు పక్క ఎముకల్లో, ఎక్కడైనా ఉండొచ్చు. ఆ గడ్డ ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్‌ను అదుపు లేకుండా రక్తంలోకి వదులుతుంది. ఆ హార్మోన్ రెండు పనులు చేస్తుంది. కిడ్నీలు ఫాస్ఫేట్‌ను వెనక్కి తీసుకోకుండా మూత్రంలోకి వదిలేసేలా చేస్తుంది. విటమిన్ డి పనిచేసే రూపంలోకి, అంటే కాల్సిట్రయాల్‌గా మారకుండా అడ్డుపడుతుంది. ఫాస్ఫేట్ లేకపోతే ఎముకలో ఖనిజం పట్టదు.

దీన్నే ట్యూమర్ వల్ల వచ్చే ఆస్టియోమలేషియా అంటారు. 1947లో మెకాన్స్ అనే డాక్టర్ వర్ణించిన ఒక అమ్మాయి కథ ఈ జబ్బు చరిత్రలో మొదటిది. ఆమె తొడ ఎముకలోని గడ్డ తీసేశాక కోలుకుంది, కానీ అసలు కారణం ఆ గడ్డేనని అప్పుడు తేల్చలేదు. 1959లో ప్రాడర్ పక్కటెముకలో గడ్డ ఉన్న మరో బాలిక విషయంలో ఆ సంబంధాన్ని స్పష్టంగా చెప్పారు. గడ్డ వదిలే పదార్థం ఎఫ్‌జీఎఫ్ 23 అని 2001లో తేలింది. అంటే జబ్బు తెలిసిన యాభై ఏళ్లకు గానీ దాని వెనుక ఉన్న హార్మోన్ పేరు తెలియలేదు. ఈ గడ్డలు చాలా వరకు క్యాన్సర్ కావు. మొత్తంగా తీసేస్తే జబ్బు నయమవుతుంది. ఎముకల జబ్బుల్లో ఇంత పూర్తిగా నయమయ్యేవి అరుదు. అందుకే ఆ గడ్డను వెతకడంలో అలసిపోకూడదని గట్టిగా నమ్ముతాను.

రక్త పరీక్షలోనే తెలిసిపోతే బయాప్సీ, అంటే ఎముక ముక్క తీసి పరీక్షించడం, ఎందుకు చేస్తారు?

ఫాస్ఫేట్ తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువ, ఎక్స్‌రేలో ఆస్టియోమలేషియాకు గుర్తుగా ఉండే లూజర్ జోన్లు, అంటే సగం విరిగినట్టు కనిపించే గీతలు. ఈ మూడూ కలిస్తే చాలామందికి బయాప్సీ అక్కర్లేదు. గడ్డ దొరికితే నేరుగా ఆపరేషన్‌కే వెళ్తారు.

బయాప్సీ అవసరమయ్యేది లెక్కలు పొసగనప్పుడు. ఎముకలు విరుగుతున్నాయి గానీ రక్త పరీక్షలు తికమకగా ఉన్నాయి. కిడ్నీ జబ్బు కూడా ఉంది. ఆస్టియోపోరోసిస్ అనుకుని మందులు వాడితే ఇంకా ఎక్కువైంది. ఇలాంటి సందర్భాల్లో ఎముక లోపల ఖనిజం పడుతోందా లేదా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేది బయాప్సీ ఒక్కటే. రక్త పరీక్ష చెప్పేది ఎముక చుట్టూ ఉన్న పరిస్థితి. బయాప్సీలో కనిపించేది ఎముకే.

ముక్క ఎక్కడి నుంచి తీస్తారు? బాగా నొప్పిగా ఉంటుందా?

నడుము పక్కన చేతికి తగిలే తుంటి ఎముక అంచు దగ్గర, ముందు మొనకు కొంచెం వెనక్కి, కిందికి. అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అవసరమైతే నిద్రమత్తు కూడా ఇచ్చి, దాదాపు 7 నుంచి 8 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలాంటి సూదితో ఒక వైపు గట్టి పొర నుంచి ఇంకో వైపు గట్టి పొర దాకా ఒక ముక్క తీస్తారు. రెండు వైపుల పొరలూ, మధ్యలోని స్పంజిలాంటి ఎముకా కలిసి రావాలి. ముక్క నలిగిపోతే కొలతలు తప్పుతాయి.

ఎముకను నొక్కుతున్నట్టు, తిప్పుతున్నట్టు తెలుస్తుంది. కొన్ని రోజులు నడిచేటప్పుడు సలుపు ఉంటుంది. ముక్క తీసిన చోట రక్తం గూడుకట్టడం, చీము పట్టడం, నరానికి దెబ్బ తగలడం లాంటివి నూటికి ఒకరి కంటే తక్కువ మందిలోనే కనిపిస్తాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పి తీరాలి.

బయాప్సీకి ముందు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. నాకు ఇన్‌ఫెక్షన్ లేదే?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. చాలామంది ఆ మాత్రలు వేసుకోవడం మర్చిపోయేది కూడా జవాబు ఎవరూ సరిగ్గా చెప్పకపోవడం వల్లే. ఆ మాత్రలు ఇచ్చింది జబ్బు తగ్గించడానికి కాదు, ఎముకకు తేదీ వేయడానికి.

టెట్రాసైక్లిన్‌కు ఒక గుణం ఉంది. ఆ రోజుల్లో ఎముకలో ఎక్కడ ఖనిజం పడుతోందో సరిగ్గా అక్కడే అతుక్కుంటుంది. అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తుంది. అందుకే ఉదాహరణకు 3 రోజులు మాత్ర, 10 రోజులు విరామం, మళ్లీ 3 రోజులు మాత్ర ఇస్తారు. మరికొన్ని రోజులు ఆగి ముక్క తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఎముకలో రెండు సన్నటి మెరుపు గీతలు పక్కపక్కన కనిపిస్తాయి. మొదటి గీత మొదటిసారి మాత్ర వేసుకున్నప్పటిది, రెండోది రెండోసారిది. ఆ రెండింటి మధ్య దూరమే ఆ రోజుల్లో పట్టిన ఖనిజం. గీతల మధ్య 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండి, మధ్యలో 13 రోజులు గడిచాయనుకుంటే రోజుకు దాదాపు 0.6 మైక్రాన్. ఎముక గట్టిపడే వేగాన్ని ఇంత నేరుగా కొలిచే దారి ఇంకొకటి లేదు.

కాబట్టి మాత్రలు ఏ రోజు వేసుకున్నారో రాసిపెట్టుకోండి. ఒక్క రోజు తప్పినా దాచకుండా చెప్పండి. పాలు, కాల్షియం, ఐరన్, అసిడిటీ మందులతో కలిపి వేసుకుంటే మందు పేగుల్లోనే కట్టుబడిపోయి ఎముక దాకా చేరదు. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ మందు ఇవ్వరు.

నా దృష్టిలో టెట్రాసైక్లిన్ గుర్తులు లేకుండా ఆస్టియోమలేషియా కోసం ముక్క తీయడం రోగి నొప్పిని సగం వృథా చేయడమే. అత్యవసరం కాకపోతే మూడు వారాలు ఆగడం మేలు.

ల్యాబ్‌లో తప్పు జరిగే అవకాశం ఉందా?

ఉంది, అదీ తొలి దశలోనే. మామూలు పాథాలజీ ల్యాబ్‌లో ఎముక ముక్క వస్తే ముందు యాసిడ్‌లో వేసి అందులోని ఖనిజాన్ని కరిగిస్తారు, అప్పుడే కోయడం తేలిక. క్యాన్సర్ కణాలు వెతకడానికి అది సరిపోతుంది. ఆస్టియోమలేషియాకు మాత్రం అది మొత్తం సాక్ష్యాన్ని చెరిపేయడమే. గట్టి ఎముకకూ మెత్తటి ఆస్టియాయిడ్‌కూ తేడా ఖనిజంలోనే ఉంది కదా. అది కరిగిపోయాక రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ పరీక్షకు ముక్కను సాధారణంగా 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచి, గట్టి ప్లాస్టిక్ రెజిన్‌లో బిగించి, ఖనిజంతో సహా పలచగా కోయాలి. గోల్డ్‌నర్ రంగు వేస్తే గట్టి ఎముక ఆకుపచ్చగా, ఆస్టియాయిడ్ ఎర్రగా వస్తుంది. వాన్ కోసా రంగులో ఖనిజం నల్లగా కనిపిస్తుంది. మెరుపు గీతలు చూడటానికి రంగు వేయని ముక్క వేరుగా కావాలి. ఈ పని చేసే ల్యాబ్‌లు తక్కువ. ముక్క తీయక ముందే ఏ ల్యాబ్‌కు పంపుతున్నారని డాక్టర్‌ను అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఆపరేషన్‌కు ముందు తీసిన ముక్కలో ఏం కనిపిస్తుంది?

మొదట కంటికి తగిలేది ఎరుపు. ఆరోగ్యమైన ముక్కలో పచ్చటి ఎముక అంచుల్లో అక్కడక్కడ సన్నటి ఎర్ర గీత ఉంటుంది, అది కూడా కొద్దిపాటి అంచుల మీదే. ముదిరిన ఆస్టియోమలేషియాలో దాదాపు ప్రతి అంచునూ మందపాటి ఎర్ర పట్టీ కప్పేస్తుంది. పచ్చటి ఎముక మధ్యలో దీవిలా మిగులుతుంది. కొన్నిచోట్ల గట్టి ఎముక లోపలే ఆస్టియాయిడ్ పూడుకుపోయి కనిపిస్తుంది.

ఆ పట్టీల మీద కూర్చున్న ఆస్టియోబ్లాస్ట్‌లు బొద్దుగా, చురుగ్గా కాకుండా చదునుగా, నీరసంగా ఉంటాయి. ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్ట్‌లు గట్టి ఎముక మీదే పనిచేయగలవు. మెత్తటి ఆస్టియాయిడ్ మీద వాటికి పట్టు దొరకదు. అందుకని ఎముక తొలగడమూ తగ్గిపోతుంది. పాతది పోదు, కొత్తది గట్టిపడదు. మరమ్మతు మొత్తం ఆగిపోతుంది. అందుకే చిన్న పగుళ్లు కూడా మానక లూజర్ జోన్లుగా మిగిలిపోతాయి.

ఇక మెరుపు గీతల సంగతి. తీవ్రత తక్కువగా ఉంటే రెండు గీతలూ ఉంటాయి గానీ ఒకదానికొకటి బాగా దగ్గరగా, మసకగా ఉంటాయి. ఎక్కువైతే ఒక్కటే గీత, అదీ చెదిరినట్టు. పూర్తిగా ముదిరిన జబ్బులో గీతే ఉండదు. రెండుసార్లు మాత్రలు వేసుకున్నా ఎముక ఒక్క గుర్తు కూడా పట్టుకోలేదంటే ఆ రోజుల్లో అక్కడ ఖనిజం పట్టలేదన్నమాట. ఈ రిపోర్ట్ వచ్చిన రోగులు ఏళ్ల తరబడి "నీకేం లేదు, టెన్షన్ తగ్గించుకో" అనే మాట వింటూ వచ్చిన సందర్భాలు ఎన్నో. నొప్పి నిజమేనని చెప్పడానికి ఆ ఖాళీ ముక్కకు మించిన సాక్ష్యం లేదు.

రిపోర్టులో అంకెలు ఎలా చదవాలి?

మూడు చాలు. ఆస్టియాయిడ్ మందం మామూలుగా 12 మైక్రాన్ల లోపు ఉంటుంది. ఆస్టియాయిడ్ పరిమాణం అంటే మొత్తం ఎముకలో మెత్తటి భాగం ఎంత శాతమో చెప్పేది. ఇది 10 శాతం దాటితే అనుమానించాలి. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఖనిజం పట్టడంలో ఆలస్యం. ఆస్టియాయిడ్ పొర వేసిన రోజు నుంచి గట్టిపడే రోజు దాకా సగటున పట్టే కాలం ఇది. ఇది 100 రోజులు దాటి, పొర మందంగా కూడా ఉంటేనే ఆస్టియోమలేషియా అని ఖాయం చేస్తారు.

ఈ లెక్క కష్టమేమీ కాదు. పొర మందాన్ని రోజుకు గట్టిపడే సగటు వేగంతో భాగిస్తారు. పొర 10 మైక్రాన్లు, వేగం అర మైక్రాన్ అయితే 20 రోజులు. పొర 30 మైక్రాన్లు, వేగం 0.1 మైక్రాన్ అయితే 300 రోజులు. గీతలే లేకపోతే వేగం సున్నా కాబట్టి కాలాన్ని లెక్కకట్టలేరు. రిపోర్టులో ఆ గడి ఖాళీగా ఉంటే పరీక్ష విఫలమైందని అనుకోవద్దు, అది జబ్బు తీవ్రతను చెబుతోంది.

ఆస్టియాయిడ్ ఎక్కువగా ఉంటే ఆస్టియోమలేషియానేనా?

కాదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే హార్మోన్ ఎక్కువైనప్పుడు ఎముక పని మొత్తం జోరుగా సాగుతుంది. అప్పుడు కూడా చాలా అంచుల మీద ఆస్టియాయిడ్ కనిపిస్తుంది. కానీ పొర సన్నగానే ఉంటుంది, రెండు మెరుపు గీతలూ స్పష్టంగా, ఎడంగా ఉంటాయి. ఎక్కువ చోట్ల ఉండటం వేరు, మందంగా పేరుకుపోవడం వేరు.

గడ్డ తీసేశాక ఎముక ఎంత త్వరగా మారుతుంది?

రక్తం త్వరగా, ఎముక నెమ్మదిగా. ఇది అర్థమైతే ఆపరేషన్ తర్వాత వచ్చే సగం కంగారు తగ్గుతుంది.

గడ్డ బయటికి వచ్చాక ఎఫ్‌జీఎఫ్ 23 గంటల్లోనే పడిపోతుంది. కాల్సిట్రయాల్ పెరగడం మొదలవుతుంది. ఫాస్ఫేట్ చాలామందిలో కొద్ది రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ ఒకటి రెండు వారాల్లో మామూలు స్థాయికి వస్తుంది. పెద్దల్లో అది డెసిలీటరుకు సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు. కండరాల బలం వారాల్లో తిరిగి రావడం మొదలవుతుంది. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు నడవడం ఈ జబ్బులో నిజంగా జరిగేదే.

ఎముక లోపల మాత్రం ఏళ్ల తరబడి పేరుకున్న పొర ఉంది. అది ఒక్క వారంలో గట్టిపడదు. నెలలు పడుతుంది, కొన్ని మార్పులకు ఏడాది రెండేళ్లు కూడా. ఫాస్ఫేట్ మామూలుగా ఉందని బరువులు ఎత్తకండి. కిందపడకుండా జాగ్రత్త పడాల్సింది ఈ మధ్య కాలంలోనే.

ఆపరేషన్ తర్వాత మళ్లీ ముక్క తీస్తే ఏ తేడాలు కనిపిస్తాయి?

తిరిగి వచ్చిన మెరుపు గీతలే అన్నిటికంటే సంతోషపెట్టే మార్పు. ముందు ఖాళీగా ఉన్న ముక్కలో ఇప్పుడు రెండు గీతలు కనిపిస్తాయి, పొరకూ గట్టి ఎముకకూ మధ్య సరిహద్దు వెంబడి. ఎర్ర పట్టీలు సన్నబడతాయి. పచ్చటి భాగం పెరుగుతుంది. ఆస్టియోబ్లాస్ట్‌లు మళ్లీ పుష్టిగా కనిపిస్తాయి. గట్టి అంచులు బయటపడటంతో ఆస్టియోక్లాస్ట్‌లు కూడా పని మొదలుపెడతాయి. ఇది చూసి భయపడే రోగులున్నారు గానీ అది మరమ్మతు తిరిగి మొదలైన గుర్తు.

అంతా ఒకేసారి, సమానంగా జరగదు. ఒకచోట పొర పూర్తిగా గట్టిపడి ఉంటుంది, పక్కనే ఇంకా మందంగా ఉంటుంది. కొత్తగా గట్టిపడిన భాగంలో ఖనిజం మొదట తక్కువగా ఉండి నెలల తరబడి చిక్కబడుతూ పోతుంది. లోపల పూడుకుపోయిన ఆస్టియాయిడ్ కొంత కాలం అలాగే ఉంటుంది. మూడు నెలలకు తీసిన ముక్క చూసి ఆపరేషన్ ఫలించలేదు అనడం తొందరపాటు. దిశ సరిగ్గా ఉందా అన్నదే అప్పుడు చూడాలి.

ముందు, తర్వాత పోల్చేటప్పుడు రెండో ముక్కను అవతలి వైపు తుంటి నుంచి తీస్తారు, పాత గాయం మానుతున్న చోటు కొలతలను తప్పుదోవ పట్టిస్తుంది కాబట్టి. రెండు ముక్కలూ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో కొలవాలి.

ఆపరేషన్ అయ్యాక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఇంకా పెరిగింది. జబ్బు తిరగబెట్టిందా?

ఫాస్ఫేట్ మామూలుగా ఉంటే కంగారు పడకండి. ఎముక కట్టే కణాలు ఒక్కసారిగా పనిలోకి దిగడం వల్ల అది మొదట పెరిగి, నెలల తర్వాత మెల్లగా దిగుతుంది. అయితే ఆ సమయంలో ఎముక కాల్షియాన్ని ఆత్రంగా లాగేసుకుంటుంది. రక్తంలో కాల్షియం పడిపోయి మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు రావచ్చు. తిమ్మిర్లు వస్తే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ స్కోరు ఒక్కసారిగా పెరిగింది. ఇది నమ్మొచ్చా?

నమ్మొచ్చు, ఎందుకో తెలుసుకుని. డెక్సా కొలిచేది ఖనిజాన్ని మాత్రమే, మెత్తటి ఆస్టియాయిడ్ దానికి కనిపించదు. పొర అంతా ఉన్నా ఖనిజం లేనందువల్ల ముందు స్కోరు బాగా తక్కువ చూపిస్తుంది. ఆపరేషన్ తర్వాత సిద్ధంగా ఉన్న ఆ పొరలోనే ఖనిజం చేరుతుంది. కొత్త ఎముక మొదటి నుంచి కట్టాల్సిన అవసరం లేదు. ఆస్టియోపోరోసిస్ మందులతో ఎప్పుడూ రానంత పెరుగుదల ఇక్కడ రావడానికి కారణం ఇదే.

ఇదే తర్కం తిరగేస్తే ఒక ప్రమాదం కనిపిస్తుంది. తక్కువ స్కోరు చూసి ఫాస్ఫేట్ పరీక్ష చేయకుండానే ఆస్టియోపోరోసిస్ అని రాసి, బిస్ఫాస్ఫొనేట్ మందులు ఇస్తే ఆస్టియోమలేషియా రోగికి మేలు జరగదు, కీడు జరగొచ్చు. ఎముకలు విరుగుతున్న ప్రతి ఒక్కరికీ ఫాస్ఫేట్ చూడాలి. ఖరీదైన పరీక్షేమీ కాదు, అయినా దాన్ని మర్చిపోవడం వల్ల ఎందరో ఏళ్లు పోగొట్టుకుంటున్నారు.

ఎముక పూర్తిగా మామూలు అవుతుందా?

లోపలి స్పంజి ఎముకలో ఖనిజం పట్టే పని చాలా వరకు పూర్తిగా కోలుకుంటుంది. బయటి గట్టి పొర ఏళ్ల తరబడి పలచబడి ఉంటే ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. వంగిన వెన్ను, తగ్గిన ఎత్తు, కుదించుకుపోయిన వెన్నుపూసలు వెనక్కి రావు. లూజర్ జోన్లు మాత్రం ఫాస్ఫేట్ సరిపోగానే చాలాసార్లు రాడ్ వేయకుండానే అతుక్కుంటాయి. అందుకే ప్రాణం మీదికి వచ్చే ఫ్రాక్చర్ కాకపోతే, ఖనిజం సంగతి చక్కబెట్టకుండా మెత్తటి ఎముకలో స్క్రూలు బిగించడానికి తొందరపడకూడదు.

గడ్డ దొరకకపోతే?

ఇలాంటి గడ్డలకు అతుక్కునే రేడియోధార్మిక పదార్థంతో తీసే గ్యాలియం 68 డోటాటేట్ పెట్ స్కాన్ వచ్చాక చాలా గడ్డలు దొరుకుతున్నాయి. అయినా దొరకనప్పుడు ఫాస్ఫేట్‌ను రోజుకు చాలాసార్లు విడగొట్టి, కాల్సిట్రయాల్‌తో కలిపి ఇస్తారు. ఎఫ్‌జీఎఫ్ 23ను అడ్డుకునే బురోసుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో ఈ జబ్బు కోసం 2020లో అనుమతి వచ్చింది. మందుతో కూడా ఆస్టియాయిడ్ సన్నబడుతుంది. కానీ మందు ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. కొంతకాలం ఆగి మళ్లీ స్కాన్ చేయించడం మానకూడదు.

డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు పారాథైరాయిడ్ గ్రంథులు తీసేస్తారు. అప్పుడు కూడా ఎముక ఇలాగే బాగుపడుతుందా?

పారాథైరాయిడ్ హార్మోన్ వల్లే ఎముక చెడితే బాగుపడుతుంది. కానీ ఎముకలో అల్యూమినియం పేరుకున్నవాళ్ల కథ వేరు. ఒకప్పుడు డయాలసిస్ నీటి నుంచి, ఫాస్ఫేట్ తగ్గించడానికి ఇచ్చే అల్యూమినియం మందుల నుంచి అది ఎముకలోకి చేరి, ఖనిజం పట్టే సరిహద్దు మీద కూర్చుని ఆస్టియోమలేషియా తెచ్చేది. అలాంటివాళ్లకు పారాథైరాయిడ్ తీసేస్తే ఎముక పని ఇంకా తగ్గి, అల్యూమినియం మరింత పేరుకుని పరిస్థితి దిగజారింది. ఆపరేషన్‌కు ముందు బయాప్సీలో అల్యూమినియం రంగు పరీక్ష చేయడం అందుకే మొదలైంది. ఇప్పుడు ఆ మందుల వాడకం బాగా తగ్గింది. అనుమానం ఉంటే మాత్రం ముక్క చూడకుండా గ్రంథి తీయకూడదు.

నేను రెండో బయాప్సీ చేయించుకోవాలా?

చాలామందికి అక్కర్లేదు. నొప్పి తగ్గుతూ, ఫాస్ఫేట్ నిలకడగా ఉండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దిగుతూ, ఎక్స్‌రేలో గీతలు మానుతూ ఉంటే ఎముక లోపల ఏం జరుగుతోందో ముక్క తీయకుండానే తెలుస్తుంది. ఫాస్ఫేట్ బాగున్నా ఏడాది తర్వాత కూడా నొప్పులు, ఎముకలు విరగడం ఆగకపోతే అప్పుడు దాని గురించి మాట్లాడుకోవాలి. ఫాస్ఫేటే మళ్లీ పడిపోతే బయాప్సీ వైపు చూడకండి. గడ్డలో కొంత మిగిలిపోయి మళ్లీ పెరిగిందేమో ముందు వెతకాలి. ఇది ఏళ్ల తర్వాత కూడా జరగొచ్చు కాబట్టి, పూర్తిగా కోలుకున్నామనిపించినా అప్పుడప్పుడూ ఫాస్ఫేట్ చూపించుకుంటూ ఉండండి.